సాయంత్రం పూట పసిబిడ్డ పాల దగ్గర పేచీ పెడుతుంటే

మీ పాపకు ఇప్పుడు 5 వారాలు. పగలంతా మామూలుగా పాలు తాగి నిద్రపోయే పిల్ల, సాయంత్రం 6 దాటేసరికి రొమ్ము పట్టుకుని రెండు నిమిషాలు చప్పరించి వదిలేస్తోందనీ, వెనక్కి విరుచుకుని ఏడుస్తోందనీ, మళ్లీ ఆ రొమ్ము కోసమే వెతుక్కుంటోందనీ, రాత్రి 10 దాకా ఇదే వరస సాగుతోందనీ రాశారు. ఆ వేళకు మీ రొమ్ములు మెత్తబడి ఖాళీగా అనిపిస్తున్నాయి. పాలు చాలడం లేదేమో, సాయంత్రం ఒక్కపూటైనా డబ్బా పాలు పట్టమని ఇంట్లో పెద్దవారు అంటున్నారు. పుట్టినప్పుడు 3 కిలోలున్న పాప ఇప్పుడు 3.9 కిలోలుందని కూడా చెప్పారు.

పాలిచ్చే తల్లులకు సలహాదారుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. అన్నిటికంటే ఎక్కువగా నన్ను తల్లులు అడిగే ప్రశ్న ఇదే. కాబట్టి అసలు సంగతి ముందే చెబుతాను. మీరిచ్చిన వివరాలను బట్టి మీ పాలు పాపకు చాలుతున్నాయి. పాలు సరిపోతున్నాయా లేదా అన్నది 24 గంటల మొత్తం మీద తేల్చుకోవాలి గానీ, రోజులో అన్నిటికన్నా కష్టమైన ఆ మూడు నాలుగు గంటలను చూసి తేల్చుకోకూడదు. ఆ గంటల్లో తల్లీ అలసి ఉంటుంది, బిడ్డా అలసి ఉంటుంది, ఇంట్లో అందరూ ఆందోళనగా ఉంటారు. అప్పుడు తీసుకునే నిర్ణయాలు మర్నాడు ఉదయం చూస్తే అవసరం లేనివిగా కనిపిస్తాయి.

ముందుగా బరువు మాట చూద్దాం. పుట్టిన మొదటి రోజుల్లో దాదాపు బిడ్డలందరూ కొంత బరువు తగ్గి, సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లోగా తిరిగి పుట్టినప్పటి బరువుకు చేరుకుంటారు. ఆ తర్వాత మొదటి మూడు నెలలూ రోజుకు సగటున 20 నుంచి 30 గ్రాములు పెరుగుతారు. మీ పాప మొదట తగ్గినదాన్ని పూడ్చుకుని, ఆపైన 900 గ్రాములు పెరిగింది. పుట్టిన రోజు నుంచి లెక్క వేసుకున్నా రోజుకు 25 గ్రాములకు పైనే పడుతుంది. పాలు చాలని బిడ్డ ఇలా పెరగదు. దీనికి తోడు 24 గంటల్లో కనీసం 6 సార్లు డైపర్ బరువుగా తడుస్తోందా, మూత్రం లేత రంగులో ఉంటోందా, మలం మెత్తగా పసుపుపచ్చగా వస్తోందా అన్నవి చూడండి. ఈ వయసులో చాలామంది పిల్లలు రోజుకు మూడు నాలుగు సార్లు విరేచనం చేస్తారు. 6 వారాలు దాటాక తల్లిపాలు మాత్రమే తాగే కొందరికి కొన్ని రోజులకు ఒకసారే కావచ్చు. అది మెత్తగా ఉండి, బిడ్డ బరువు పెరుగుతున్నంత వరకు మలబద్ధకం అనుకోనక్కర్లేదు.

తల్లులను భయపెట్టే గుర్తులు మాత్రం వేరే ఉంటాయి, వాటిలో చాలావాటికి అర్థం లేదు. రొమ్ములు మెత్తబడటం అలాంటిదే. మొదటి వారాల్లో కనిపించే ఆ బిగువులో పాలతో పాటు ఆ భాగానికి చేరిన అదనపు రక్తమూ ద్రవమూ కూడా ఉంటాయి. శరీరం బిడ్డ అవసరానికి తగినట్టు సర్దుకునేకొద్దీ బిగువు తగ్గుతుంది, పాలు తగ్గవు. పంపుతో పిండితే కొద్దిగానే వచ్చాయన్నది కూడా రుజువు కాదు, ఎందుకంటే బాగా తాగే బిడ్డ తీసినన్ని పాలు చాలామంది తల్లుల్లో పంపు తీయలేదు. రొమ్ము వదిలాక సీసా ఇస్తే తాగేసిందన్న మాటను తర్వాత విడిగా చెబుతాను.

సాయంత్రం వేళ రొమ్ములో ఏం జరుగుతుందో తెలిస్తే మీకు కొంత ధైర్యం వస్తుంది. రొమ్ము తోడేకొద్దీ ఊరే చెలమ లాంటిది. పాలు నిండి ఉన్నప్పుడు తయారీ నెమ్మదిస్తుంది, బిడ్డ తాగేకొద్దీ వేగం అందుకుంటుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2006లో ప్రచురించిన కొలతల్లో, 1 నుంచి 6 నెలల వయసు ఉండి తల్లిపాలు మాత్రమే తాగే ఆరోగ్యవంతులైన పిల్లలు రోజుకు సగటున 11 సార్లు పాలు తాగారు. ఒక్కోసారి రొమ్ములో అందుబాటులో ఉన్న పాలలో సగటున 67 శాతమే తాగారు, మిగతావి అక్కడే ఉన్నాయి. అంటే మెత్తబడిన రొమ్ము కూడా ఖాళీ రొమ్ము కాదు. పాల ఉత్పత్తికి తోడ్పడే ప్రోలాక్టిన్ అనే హార్మోన్ రాత్రి నిద్ర వేళల్లో ఎక్కువగానూ పగటి పూట తక్కువగానూ ఉంటుంది కాబట్టి, సాయంత్రానికి పాలు కాస్త తక్కువగా, నిదానంగా రావడం సహజమే. కానీ రొమ్ము నిండుగా లేనప్పుడు వచ్చే పాలలో కొవ్వు ఎక్కువగా ఉంటుంది. పాప దగ్గర దగ్గరగా కొద్దికొద్దిగా తాగేది ఆ చిక్కటి పాలనే. చాలామంది పిల్లలు సాయంత్రం ఇలా వెంటవెంటనే తాగి, ఆ తర్వాత ఒక విడత కాస్త ఎక్కువసేపు నిద్రపోతారు.

రెండో కారణం పాలకు సంబంధించినదే కాదు. అమెరికాలో పిల్లల వైద్యుడు టి. బెర్రీ బ్రేజెల్టన్ 1962లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ వచ్చి, ఆరో వారం ప్రాంతంలో రోజుకు దాదాపు 2 గంటల 45 నిమిషాలకు చేరి, 12 వారాల వయసుకు బాగా తగ్గింది. ఆ ఏడుపులో ఎక్కువ భాగం సాయంత్రం వేళే. పోతపాలు తాగే పిల్లలు కూడా మొదటి నెలల్లో సాయంత్రాలు ఏడుస్తారు. పగలంతా చూసిన వెలుగు, విన్న చప్పుళ్లు, మారిన చేతులు, వీటన్నిటినీ తట్టుకుని తనంతట తాను నెమ్మదించే శక్తి ఈ వయసు బిడ్డకు ఇంకా రాలేదు. రాత్రి పగలు తేడా తెలిసే లయ కూడా రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. మీ పాప ఇప్పుడు ఏడుపు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ఆ వయసు దగ్గరే ఉంది కాబట్టి వచ్చే రెండు వారాలు ఇంకా కాస్త కష్టంగా ఉండవచ్చు. ముందే తెలిస్తే అప్పుడు కంగారు పడరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఈ లెక్కను పుట్టిన తేదీ నుంచి కాక, పుట్టాల్సిన తేదీ నుంచి వేసుకోవాలి.

ఇక చేయవలసిన పని. సాయంత్రం పాప రొమ్ము వదిలి ఏడ్చిన ప్రతిసారీ కారణం ఒకటే అయి ఉండదు. 6 గంటలకు పాలు నిదానంగా వస్తున్నందుకు విసుగు పడిన పిల్లే 8 గంటలకు నిద్ర ముంచుకొచ్చి ఏడవవచ్చు. అందుకే గడియారం వైపు కాకుండా పాప దవడ వైపు చూడటం నేర్చుకోండి. రొమ్ము పట్టగానే బిడ్డ చిన్నచిన్నగా, వేగంగా చప్పరిస్తుంది. పాలు చేపుకు వచ్చాక, అంటే రొమ్ములోంచి పాలు ధారగా దిగడం మొదలయ్యాక, ఆ చప్పరింపు నెమ్మదించి లోతుగా మారుతుంది, గడ్డం కిందికి దిగి ఒక్క క్షణం ఆగుతుంది, గుటక వినిపిస్తుంది. గుటకలు పడుతున్నంతసేపు పాలు వస్తున్నట్టే.

గుటకలు లేకుండా చప్పరిస్తూ, చనుమొనను పట్టి లాగుతూ, తలను అటూ ఇటూ తిప్పుతూ విసుగు చూపిస్తుంటే పాలు నిదానంగా వస్తున్నాయని అర్థం. అప్పుడు బొటనవేలు రొమ్ముకు ఒకవైపు, మిగతా వేళ్లు మరోవైపు ఉంచి, చనుమొనకు దూరంగా, ఛాతీకి దగ్గరగా పట్టుకుని, మీకు నొప్పి కలగనంత మేరకు నొక్కి పట్టుకోండి. పాప మళ్లీ గుటకలు వేస్తుంది. గుటకలు ఆగాక చేయి వదులు చేసి, వేళ్లను కాస్త పక్కకు జరిపి మళ్లీ నొక్కండి. దానికీ గుటకలు రాకపోతే రెండో రొమ్ముకు మార్చండి, అక్కడా నిదానిస్తే తిరిగి మొదటిదానికి రండి. సాయంత్రం ఇలా మూడు నాలుగు సార్లు మార్చడంలో తప్పు లేదు. ఒక్కో రొమ్ము ఇన్ని నిమిషాలు ఇవ్వాలన్న నియమాలు ఈ వేళకు పనికిరావు. కంగారులో ఉన్నప్పుడు శరీరంలో పుట్టే అడ్రినలిన్ పాలు చేపుకు తెచ్చే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పనిని ఆలస్యం చేస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు భుజాలు వదులుగా వదిలి, వీపును వెనక్కి ఆనించి, గోరువెచ్చని తడి బట్ట రొమ్ము మీద వేసుకుని, పాపను ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టుకోమని చెబుతాను. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చాలామందికి ఇక్కడే సగం చిక్కు విడిపోవడం నేను చూశాను.

పట్టు కూడా ఒకసారి సరిచూసుకోండి. అలసిన సాయంత్రం వేళ తల్లులు ముందుకు వంగి, బిడ్డ నోట్లోకి చనుమొనను అందిస్తూ కూర్చుంటారు, దాంతో పట్టు పైపైనే కుదురుతుంది. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆని ఉండాలి, నోరు పెద్దగా తెరిచాకే దగ్గరకు తీసుకోవాలి, గడ్డం రొమ్ముకు నొక్కుకుని ఉండాలి, కింది పెదవి బయటికి విచ్చుకుని ఉండాలి, చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం కింది పెదవి వైపు కన్నా పై పెదవి వైపు ఎక్కువగా కనిపించాలి. పాప తల వెనుక చేయి పెట్టి రొమ్ము వైపు మాత్రం నెట్టకండి. అలా నెడితే ఏ బిడ్డయినా వెనక్కే విరుచుకుంటుంది, దాన్ని చూసి రొమ్ము వద్దంటోందని తల్లి బాధపడుతుంది. మెడను, భుజాలను ఆనించి పట్టుకుంటే చాలు.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, పాలు మరీ జోరుగా రావడం వల్ల కూడా పిల్లలు రొమ్ము వదిలేస్తారు. చేపు వచ్చిన మొదటి నిమిషాల్లో పొలమారడం, దగ్గడం, నోటి పక్కనుంచి పాలు కారడం దానికి గుర్తులు. రొమ్ములు నిండుగా ఉండే ఉదయం వేళ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మీరు చెప్పినది మెత్తబడిన రొమ్ముల సాయంత్రం గురించి కనుక మీ విషయంలో ఇది అంతగా వర్తించదు. ఒకవేళ ఉంటే, మీరు వెనక్కి బాగా వాలి పాపను మీ ఛాతీ మీద బోర్లా పెట్టుకుని ఇస్తే జోరును తట్టుకోగలుగుతుంది.

మూడోది నిద్ర. ఐదారు వారాల బిడ్డ ఒక గంట, మహా అయితే గంటన్నర మెలకువగా ఉంటే అలసిపోతుంది. చూపు పక్కకు తిప్పుకోవడం, ఆవలింతలు, చేతులూ కాళ్లూ కుదుపుగా కొట్టుకోవడం కనిపించాక కూడా పాల కోసమే ఏడుస్తోందనుకుని మళ్లీ మళ్లీ రొమ్ము అందిస్తే ఇద్దరికీ విసుగు పెరుగుతుంది. అలాంటప్పుడు పాలివ్వడం కాసేపు ఆపండి. దీపం తగ్గించి, పాపను భుజాన వేసుకుని నెమ్మదిగా నడవండి, ఒకే తీరుగా వీపు మీద జోకొట్టండి, సన్నని గొంతుతో ఏదైనా పాడండి. ఏడుపు తగ్గి కళ్లు మూతపడుతున్నప్పుడు మళ్లీ రొమ్ము ఇవ్వండి. మెలకువగా ఉండి పోట్లాడిన పిల్లే నిద్రమత్తులో హాయిగా తాగడం మీరే చూస్తారు. పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం కూడా ఈ వేళకు బాగా నప్పుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, మధ్యాహ్నం 3 నుంచి 5 మధ్య పాప ఒక నిద్ర పోయిందా లేదా అన్నదాన్ని బట్టి ఆ రోజు సాయంత్రం చాలా వరకు మారిపోతుంది. ఆ నిద్ర ఎవరి భుజం మీదనైనా సరే పట్టేలా చూడండి.

ఎత్తుకుంటే అలవాటైపోతుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. కెనడాలో హన్జికర్, బార్ అనే పరిశోధకులు 1986లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులు రోజంతటి మీద మామూలు కంటే ఎక్కువసేపు ఎత్తుకున్న పిల్లలు 6 వారాల వయసులో మొత్తం మీద 43 శాతం, సాయంత్రం వేళల్లో 51 శాతం తక్కువగా ఏడ్చారు. అక్కడ ఏడ్చినప్పుడే కాకుండా, ఏడవనప్పుడు కూడా ఎత్తుకున్నారన్నది గమనించండి. అప్పటికే విపరీతంగా ఏడుస్తున్న పిల్లల మీద తర్వాత జరిగిన పరీక్షలో ఈ ప్రభావం కనిపించలేదు. కాబట్టి ఎత్తుకోవడాన్ని సాయంత్రం 6 గంటలకు మొదలుపెట్టే మందుగా కాక, పగటి అలవాటుగా చేసుకోవడం మంచిది. గుడ్డతో ఒంటికి కట్టుకుని తిప్పేటట్టయితే పాప ముఖం ఎప్పుడూ మీకు కనిపిస్తూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకుండా ఉండాలి.

పాప కడుపు నిండి కేవలం చప్పరించాలని కోరుతున్నప్పుడు, పాలిచ్చే పద్ధతి ఇద్దరికీ కుదిరిందని అనిపిస్తే, పాలు తాగిన తర్వాత ఉత్తి పీక ఇవ్వవచ్చు. ఆకలి మీద ఉన్నప్పుడు మాత్రం పాలకు బదులుగా ఇవ్వకండి.

ఇప్పుడు డబ్బా పాల సంగతి. పెద్దవారు పాప మీద ప్రేమతోనే ఆ మాట అంటున్నారు, వారి ఆందోళనను తీసిపారేయనక్కర్లేదు. బరువు రాసిన కాగితం వారికి చూపించండి. సీసా ఇవ్వగానే పాప గటగట తాగి నిద్రపోతే పాలు చాలలేదనడానికి అదే సాక్ష్యమని అనిపిస్తుంది. కానీ నోటికి ఏది తగిలినా చప్పరించడం ఈ వయసు బిడ్డ సహజగుణం, సీసాలోంచి పాలు ఆగకుండా వస్తూ ఉంటాయి కాబట్టి ఆకలి ఉన్నా లేకపోయినా మింగుతూనే ఉంటుంది. సమస్య ఆ ఒక్క సీసాతో ఆగదు. ఆ పూట రొమ్ము నుంచి తీయని పాలు తయారీని తగ్గించమని శరీరానికి చెప్పినట్టే. కొన్ని రోజులకు ఆ వేళ పాలు నిజంగానే తగ్గుతాయి, పాప ఇంకా విసుక్కుంటుంది, సీసా ఇంకా పెద్దదవుతుంది. ఇలా సాయంత్రం సీసాతో మొదలై, తల్లి కోరుకోకుండానే పాలు మాన్పించే దాకా వెళ్లిన వారిని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మీకు కొంచెం విరామం కావాలంటే, పాలు బాగా ఉండే ఉదయం వేళ కొన్ని పిండి ఉంచుకుని సాయంత్రం మరొకరి చేత పట్టించండి. పిండిన తాజా పాలు 25 డిగ్రీల లోపు వేడిలో 4 గంటల దాకా, ఫ్రిజ్‌లో 4 రోజుల దాకా నిలుస్తాయి. ఎప్పుడైనా బరువు సరిగా పెరగక వైద్యులు అదనపు పాలు పట్టమంటే మాత్రం అది వేరే విషయం. అప్పుడు ఏ అపరాధభావం లేకుండా పట్టండి, అదే సమయంలో రొమ్ము నుంచి పాలు పిండుతూ ఉండండి.

గాలి చేరిందనీ, కడుపునొప్పి అనీ ఇచ్చే మందుల గురించి క్లుప్తంగా చెబుతాను. తేన్పు తెప్పించడం మంచిదే, కానీ చాలాసార్లు ఏడవడం వల్లే గాలి మింగుతారు. గ్యాస్‌కు ఇచ్చే సిమెథికోన్ చుక్కలు పరీక్షల్లో మందు లేని ఉత్తి చుక్కల కంటే మెరుగ్గా పనిచేయలేదు. డైసైక్లోమిన్ ఉన్న మందులు 6 నెలల లోపు పిల్లలకు ప్రమాదకరం. 6 నెలలు నిండేదాకా నీళ్లు, ఏడాది నిండేదాకా తేనె ఇవ్వకూడదు. మీరు ఏ ఆహారమూ మానేయనక్కర్లేదు. పాప మలంలో రక్తం లేదా ఎక్కువ జిగట, ఒంటి మీద ఎగ్జిమా, రోజంతా ఏడుపు ఉంటే మాత్రం ఆవుపాల ప్రోటీన్ పడటం లేదేమోనని వైద్యుల సలహాతో మీ ఆహారంలో పాలను 2 నుంచి 4 వారాలు ఆపి చూస్తారు. కాఫీ, టీలు తగ్గించండి, ఎందుకంటే ఇంత చిన్న పిల్లల ఒంట్లో కెఫీన్ రోజుల తరబడి నిలిచి ఉంటుంది.

మీ గురించి కూడా ఒక మాట. సాయంత్రం పేచీని మీరొక్కరే మోయాలన్న నియమం ఎక్కడా లేదు. మధ్యాహ్నం పాప నిద్రపోయినప్పుడు మీరూ పడుకోండి, 6 గంటలకు ముందే భోజనం చేసేయండి, పాలివ్వడం తప్ప మిగతా పని అంతా, అంటే ఎత్తుకుని తిప్పడం, డైపర్ మార్చడం, స్నానం చేయించడం, మీ భర్తకూ ఇంట్లోవారికీ అప్పగించండి. డబ్బా పాలు పట్టమంటున్న పెద్దవారిని పాపను అరగంట భుజాన వేసుకోమని అడగండి. వారికీ ఏదో ఒకటి చేస్తున్నామన్న తృప్తి కలుగుతుంది. బాగా అలసి ఉన్నప్పుడు సోఫాలో పాలిస్తూ నిద్రపోవడం బిడ్డకు చాలా ప్రమాదం, దాని విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఏడుపు భరించలేనంతగా అనిపిస్తే పాపను పడక మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్క గదిలోకి వెళ్లి కొన్ని నిమిషాలు ఊపిరి పీల్చుకుని రండి. ఎంత కోపం వచ్చినా, ఎవరూ బిడ్డను పట్టి కుదపకూడదు. దిగులు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే వైద్యులకు చెప్పండి. అది బలహీనత కాదు, చికిత్సతో తగ్గే జబ్బు. మీకు గానీ బిడ్డకు గానీ హాని చేయాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా అప్పుడే చెప్పండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే దీన్ని సాయంత్రం పేచీగా భావించి ఊరుకోవద్దు. 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, ఆకుపచ్చ వాంతి, తాగినదంతా దూరంగా చిమ్మేలా పదేపదే వాంతి, మలంలో రక్తం, వరుసగా పాలు తాగనని మొరాయించడం, లేపినా లేవని మగత, నిమిషానికి 60 లేదా అంతకు మించిన శ్వాస, మాడు ఉబ్బడం లేదా లోతుగా గుంట పడటం, మూత్రం బాగా తగ్గడం, ఎప్పుడూ వినని కీచుగొంతు ఏడుపు, ఇవి పగలైనా రాత్రయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసినవి. ఎప్పుడూ లేనిది ఒక్కసారిగా ఊరడించలేనంతగా ఏడిస్తే బట్టలు విప్పి ఒళ్లంతా చూడండి. వేలికి వెంట్రుక గట్టిగా చుట్టుకుపోవడం, గజ్జల్లో వాపు లాంటివి అప్పుడే కనిపిస్తాయి.

పాపను రెండు వారాలకు ఒకసారి ఒకే తూకం యంత్రం మీద, బట్టలు లేకుండా తూయించండి. పెరుగుదల రోజుకు 20 గ్రాముల కంటే తగ్గినా, మీ చనుమొనలు పగిలి నొప్పి పెడుతున్నా, పాలు పట్టడంలో నైపుణ్యం ఉన్నవారికి చూపించండి. అయితే ఉదయం వేళ ఆసుపత్రిలో పాప చక్కగా తాగి చూపిస్తుంది, అప్పుడు అంతా బాగానే ఉందని చెప్పి పంపేస్తారు. కాబట్టి వీలైతే వారిని సాయంత్రం పూటే రమ్మనండి. వీలు కాకపోతే పాప రొమ్ము పట్టడం దగ్గర నుంచి విరుచుకుని వదిలేయడం దాకా మీ ఇంట్లోవారి చేత ఫోన్‌లో వీడియో తీయించి తీసుకువెళ్లండి, దవడా గుటకలూ స్పష్టంగా కనిపించేలా పక్కనుంచి తీయమనండి.